మిషను మనదే, గుళిక ఎవరిది?

మా చిన్నాయన కొడుకు దుబాయిలో ఒక హోటల్లో పనిచేస్తాడు. మాది ధర్మపురి. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫుకి పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం కాబట్టి ఇందులో వింతేం లేదు. వాళ్ళు సెలవు మీద వచ్చినపుడు తాళ్ళతో కట్టిన అట్టపెట్టెల్లోంచి సెంటు సీసాలు, దుప్పట్లు, ఖర్జూరాలు, పిల్లలకి చాక్లెట్లు బయటికొస్తాయి. కిందటిసారి మావాడి పెట్టెలోంచి ఒక కాఫీ మిషను బయటికొచ్చింది. హోటల్ గదుల్లో పాతవి తీసి కొత్తవి పెడుతుంటే పనివాళ్ళకి చవగ్గా ఇచ్చేశారట. "అన్నా, ఇంట్ల అందరం చాయ తాగేటోళ్లమే. నువ్వొక్కడివే ఆఫీసుల కాఫీకి మరిగినవ్, తీస్కో" అని నా చేతిలో పెట్టాడు.

మీలో చాలామంది ఆఫీసులో చూసే ఉంటారు. ఉసిరికాయంత అల్యూమినియం డబ్బీ, లోపల కాఫీ పొడి. పాడ్ అంటారు, క్యాప్సూల్ అంటారు. నేను గుళిక అంటాను. మిషనులో వేసి, పిడి దించి, బటన్ నొక్కితే అర నిమిషంలో నురగతో కాఫీ. పాత్ర కడగక్కర్లేదు, డికాక్షన్ దిగేదాకా కాచుకోనక్కర్లేదు.

దసరాకి దాన్ని హైదరాబాదు నుంచి ఊరికి మోసుకెళ్ళాను, అందరికీ చూపిద్దామని. మా అమ్మ ఒక గుటక తాగి మొహం చిట్లించి, "గీ చేదు నీళ్లకు ఎంత పడ్తదిరా?" అంది. అరవై రూపాయలన్నాను. "అరవై రూపాలకు ఇంటిల్లిపాదికి రెండు పూటల చాయ అయితది" అని గ్లాసు పక్కన పెట్టేసింది. సిరిసిల్ల నుంచి వచ్చిన మా మేనమామ మాత్రం వాడేసిన గుళికని తిప్పి తిప్పి చూశాడు. జీవితమంతా సాంచాల మధ్య బతికిన మనిషి, ఏ వస్తువు చూసినా విప్పి చూడాలంటాడు. (సాంచా అంటే మరమగ్గం, సిరిసిల్ల మాట.)

"అల్లుడా, గీ డబ్బి వేరేటోడు చేస్తే మిషిన్ల పట్టదా?"

"పడ్తది మామా. సగం ధరకే దొరుకుతున్నయ్."

"మరి మిషిని కంపెనోడు ఊకుంటడా?"

మామయ్య మామూలుగా అడిగాడు గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హైదరాబాదు వచ్చాక కూచుని తవ్వితే చాలా పెద్ద కథే బయటపడింది. ఈ టపా మామయ్య ప్రశ్నకి జవాబు.

ముందు లెక్క. ఒక్కో గుళికలో పొడి సుమారు 5 గ్రాములు. నేను కొన్న కంపెనీ గుళిక 60 రూపాయలు పడింది. కిలో పొడికి 200 గుళికలు, అంటే కిలో 12,000 రూపాయలు. అదే మిషనుకి పట్టే వేరేవాళ్ళ గుళిక 30 రూపాయలు, కిలో 6,000. మా వీధి చివర కొట్లో మంచి ఫిల్టర్ కాఫీ పొడి కిలో 1,400కి వస్తోంది, అంటే 5 గ్రాములకి 7 రూపాయలు. మిగతా 53 రూపాయలు దేనికి పెడుతున్నట్టు? కొంత అల్యూమినియానికి, కొంత సుఖానికి, కొంత రవాణాకి. అవన్నీ తీసేసినా ఇంకా ఏదో మిగులుతుంది. ఆ మిగిలినదాని గురించే గొడవంతా.

ఈ గుళిక పుట్టింది నెస్లేలో. ఎరిక్ ఫావ్ర్ అనే స్విస్ ఇంజనీరు 1970ల్లో ఇటలీ వెళ్ళి ఎస్ప్రెస్సో తీసేవాళ్ళ పనితనం గమనించి, అది చేతకానివాళ్ళ ఇంట్లో కూడా రావాలని దీన్ని తయారుచేశాడు. 1976లో నెస్లే పేటెంటుకి దరఖాస్తు చేసింది. ఆ తర్వాత పదేళ్ళకి, 1986లో, నెస్ప్రెస్సో పేరుతో విడిగా కంపెనీ పెట్టింది. మొదట ఆఫీసులకి అమ్మబోతే పెద్దగా అమ్ముడుపోలేదు. 1988లో జాఁ-పాల్ గయ్యార్ అనే ఆయన వచ్చి దాన్ని ఇళ్ళ వైపు తిప్పాడు. ఆయన ఎత్తు సులువైనది. మిషన్లు వేరే కంపెనీలు తయారుచేసి అమ్ముకుంటాయి, గుళికలు మాత్రం నెస్ప్రెస్సో దగ్గరే కొనాలి. అదీ అంగట్లో కాదు, క్లబ్బులో సభ్యుడిగా చేరి ఆర్డరివ్వాలి. కిరాణా కొట్టు మధ్యలో లేదు, బేరం లేదు, పక్క డబ్బాతో పోలిక లేదు.

దీన్నంతా "రేజరు ఊరికే ఇచ్చి బ్లేడు మీద సంపాదించడం" అని మన మేనేజర్లు స్లైడ్లలో చెప్తుంటారు, జిల్లెట్ పేరు కూడా వాడతారు. నిజానికి జిల్లెట్ పేటెంటు ఉన్నన్నాళ్ళూ రేజరుని 5 డాలర్లకి అమ్మింది, ఆ రోజుల్లో అది ఖరీదే. 1921లో పేటెంటు తీరి, పోటీవాళ్ళు ముంగిట్లోకొచ్చాకే చవక రేజర్లు దించింది. మనం కథని తలకిందులుగా నేర్చుకున్నామన్నమాట :-)

సరే, గుళిక దగ్గరికొద్దాం. పిడి దించగానే మిషనులోని ముళ్ళు గుళిక వెనక భాగానికి చిల్లులు పెడతాయి. వేడినీళ్ళు ఒత్తిడితో లోపలికి వస్తాయి. ఎదుటివైపు రేకు ఉబ్బి, గళ్ళ పలకకి ఆనుకుని, ఎక్కడికక్కడ చిట్లుతుంది. ఆ చిట్లిన సందుల్లోంచే కాఫీ దిగుతుంది. అంచు దగ్గర నీళ్ళు కారకుండా బిగుతుగా కూచోవాలి. వేరేవాళ్ళు గుళిక చేయాలంటే పట్టుకోవాల్సింది ఈ నాలుగే: కొలత, చిల్లుపడే మెత్తదనం, చిట్లే ఒత్తిడి, అంచు బిగువు. మన భాషలో చెప్పాలంటే ఇది ఒక ఇంటర్‌ఫేసు. డాక్యుమెంటేషన్ ఎవడూ ఇవ్వడు, కొలిచి తెలుసుకోవాల్సిందే.

కొలిచినవాళ్ళలో మొదటి వరస మనిషి ఎవరనుకున్నారు? అదే గయ్యార్! 1997 దాకా నెస్ప్రెస్సోని నడిపిన ఆయనే 2008లో ఎథికల్ కాఫీ కంపెనీ పెట్టి, 2010లో ఫ్రాన్సు సూపర్ మార్కెట్లలో నెస్ప్రెస్సో మిషన్లకి పట్టే గుళికలు దించాడు. మట్టిలో కలిసిపోయే పదార్థంతో చేసి, తక్కువ ధరకి. అదే ఏడు సారా లీ అనే అమెరికన్ కంపెనీ కూడా దిగింది. తాళం చేసినవాడే మారుతాళం చేసి అమ్మినట్టయింది.

మామయ్యా, అపుడు కంపెనోడు ఊకోలేదు. మూడు దారులు పట్టాడు.

మొదటిది కోర్టు. ఇంగ్లండులో డ్యూయలిట్ అనే కంపెనీ గుళికల మీద నెస్లే దావా వేసింది. 2013లో లండను హైకోర్టు పేటెంటు చెల్లదంది. చెల్లినా ఉల్లంఘన లేదంది. వాదన ఏమిటంటే, గుళిక ఒకసారి వాడి పారేసేది, మిషను ఏళ్ళ తరబడి ఉండేది. మిషను కొన్నవాడు అందులో గుళిక వేసుకున్నంత మాత్రాన కొత్త మిషను "తయారు" చేసినట్టు కాదు. అదే ఏడాది యూరోపియన్ పేటెంట్ ఆఫీసు అప్పీలు బోర్డు కూడా ఒక కీలకమైన పేటెంటుని రద్దు చేసింది.

రెండోది మిషనునే మార్చడం. కొత్త మోడళ్ళలో గుళిక కూచునే చోట ముల్లులాంటి కొక్కేలు పెట్టారని, వాటివల్ల తన గుళికలు ఇరుక్కుపోతున్నాయని గయ్యార్ కోర్టుకెక్కాడు. మూడోది భయం. వేరేవి వాడితే వారంటీ పోతుందన్న మాట కాగితం మీద ఉండటం, సర్వీసువాళ్ళ నోట్లో ఉండటం. ఈ రెండు సంగతులూ ఫ్రాన్సు పోటీ వ్యవహారాల సంస్థ దగ్గరికి వెళ్ళాయి. 2014 సెప్టెంబరులో నెస్ప్రెస్సో హామీలు రాసిచ్చింది. మిషనులో మార్పు చేస్తే నాలుగు నెలల ముందు పోటీవాళ్ళకి సాంకేతిక వివరాలివ్వాలి. వేరే గుళిక వాడినంత మాత్రాన గ్యారంటీ ఎగ్గొట్టకూడదు. ఎదుటివాళ్ళ గుళికల్ని చెడ్డగా ప్రచారం చేయకూడదు. ఏపీఐ మార్చేముందు నోటీసివ్వమని ప్రభుత్వం చెప్పడం మన వృత్తిలో ఎపుడైనా విన్నామా?

అదే 2014లో నెస్ప్రెస్సో అమెరికాలో వర్టువో అనే కొత్త రకం దించింది. గుళిక ఆకారం వేరు, అంచు చుట్టూ బార్‌కోడు, మిషను దాన్ని చదివి ఎంత నీళ్ళు, ఎంత వేగంగా తిప్పాలో నిర్ణయిస్తుంది. సౌకర్యమే, కాదనను. కానీ పాత తాళం తీసేసరికి గుమ్మానికి కొత్త తాళం పడింది.

అమెరికాలో క్యూరిగ్ కథ ఇంకా తమాషా. వాళ్ళ కే-కప్పుల ముఖ్యమైన పేటెంట్లు 2012లో తీరాయి. వెంటనే చవక కప్పులు మార్కెట్లో పడ్డాయి. 2014లో క్యూరిగ్ 2.0 అని మిషను తెచ్చారు. కప్పు మూత మీది ప్రత్యేకమైన సిరాని గుర్తిస్తేనే పనిచేస్తుంది, లేదంటే మొరాయిస్తుంది. జనం ఏంచేశారు? వాడేసిన అసలు కప్పు మూత ముక్క కత్తిరించి, సెన్సారు కింద అంటించుకున్నారు. ఒక కాఫీ కంపెనీ ఏకంగా ఆ పనిచేసే క్లిప్పుని ఊరికే పంచింది. అమ్మకాలు దెబ్బతిని, సొంత పొడి పోసుకునే బుట్టని తీసేయడం తమ పొరపాటేనని 2015 మేలో ఆ కంపెనీ పెద్దే ఒప్పుకున్నాడు. ప్రింటర్లలో ఇది అంతకుముందే జరిగింది. లెక్స్‌మార్క్ తన టోనర్లో చిప్పు పెట్టి, ఆ చిప్పుకి సరిపోయేది చేసినవాళ్ళ మీద కాపీరైటు కేసు వేసింది. గొడవ పడ్డ ప్రోగ్రాం పొడవు చూస్తే, పెద్దది కూడా 55 బైట్లు! 2004లో అప్పీలు కోర్టులో లెక్స్‌మార్క్‌కి ఎదురుదెబ్బ తగిలింది.

ఇదంతా ఎక్కడో స్విట్జర్లాండు, అమెరికా గొడవ అని మీకనిపిస్తే, ఒక్క నిమిషం మీ మొదటి కంప్యూటరు గుర్తు తెచ్చుకోండి. నాది సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో "అసెంబుల్" చేయించింది. కేబినెట్ ఒకరిది, మదర్‌బోర్డు ఇంకొకరిది, మానిటరు మూడోవాళ్ళది. నాన్న ఎల్లయ్సీ పాలసీ మీద అప్పు తెచ్చిన డబ్బుతో కొన్నాం. బ్రాండెడ్ పెట్టె కొనాలంటే ఆ డబ్బు చాలేది కాదు. ఆ పెట్టె మీదే నేను సి నేర్చుకున్నాను, దాని పుణ్యమే ఈ ఉద్యోగం.

ఆ పెట్టె అసలు పేరు "ఐబియం కంపాటిబుల్". ఐబియం 1981 ఆగస్టులో పీసీ తెచ్చింది, బయట దొరికే విడిభాగాలతోనే చేసింది. తనదంటూ గట్టిగా ఉన్నది బయాస్ ఒక్కటే. కాంపాక్ కంపెనీ ఆ బయాస్ కోడు చూడని ఇంజనీర్లతో, అది ఏంచేస్తుందో మాత్రమే చెప్పి, కొత్తగా రాయించింది. 1982 నవంబరులో తన పీసీని ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయాస్‌ని ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టేసరికి గేట్లు తెరుచుకున్నాయి. ఐబియం ఊకోలేదు. 1987లో పీయస్/2 తెచ్చి, లోపలి బస్సునే మార్చి, వాడుకోవాలంటే లైసెన్సు కట్టమంది. మిగతావాళ్ళంతా ఒక్కటై 1988లో తమ సొంత ప్రమాణం ప్రకటించారు. జనం పాత దారిలోనే పోయారు. క్యూరిగ్ 2.0 కథ పాతికేళ్ళ ముందే జరిగిందన్నమాట. అపుడు ఐబియం గెలిచి ఉంటే ధర్మపురి కుర్రాడి ఇంట్లోకి కంప్యూటరు వచ్చేది కాదు. అమీర్‌పేటలో కోచింగు బోర్డులూ అన్ని లేచేవి కావు. మనమంతా కంపాటిబుల్ గుళిక తిని పెరిగిన పిల్లలమే.

ఇక్కడొక తేడా చెప్పాలి. కంపాటిబుల్ వేరు, డూప్లికేటు వేరు. పక్కవాడి పేరు, బొమ్మ ముద్రించి అమ్మితే అది దొంగ సరుకు. "ఇది నా సరుకు, ఆ మిషనుకి పడుతుంది" అని సొంత పేరుతో అమ్మితే అది వ్యాపారం. మన దగ్గర రెంటినీ కలిపి "లోకల్" అనేసి తీసిపారేస్తాం. నిజానికి పేరొకరిది, సరుకొకరిది కావడం కాఫీలో మామూలే. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ గారు మొదలుపెట్టిన సీసీయల్ ఫ్యాక్టరీ 1995 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ చేసి దేశదేశాలకి పంపుతోంది. చాలామటుకు అమ్ముడయ్యేది అక్కడి కంపెనీల పేర్లతోనే. విదేశంలో సీసా చూసి మురిసిపోయి కొనుక్కున్న ఎన్నారై తాగేది దుగ్గిరాల కాఫీ కావచ్చు!

మరి చవక గుళికలన్నీ మంచివేనా? కాదు. నేను కొన్న మొదటి రకం అంచు దగ్గర కారింది, కప్పులో సగం కాఫీ, సగం వేడినీళ్ళు. పారేశాను. రెండో రకం బావుంది. మూడు నెలలయ్యాక మిషను మొరాయించింది. సర్వీసు అబ్బాయి వచ్చి, బుట్టలో గుళికలు చూసి, మిషను విప్పకుండానే "ఒరిజినల్ వాడకపోతే ఇంతే సార్" అని 1,800 తీసుకుని ఏదో తుడిచి వెళ్ళాడు. వారానికి మళ్ళీ ఆగింది. ఈసారి నేనే చూశాను. లోపలి నీళ్ళ దారంతా తెల్లటి సున్నం గార. మా అపార్టుమెంటు బోరు నీళ్ళ మహిమ. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు రెండుసార్లు పోనిచ్చాను, 20 రూపాయల ఖర్చు. అప్పట్నుంచి సుబ్బరంగా నడుస్తోంది. గుళిక తప్పు కాదు. కానీ ఆ ఒక్క మాటతో నేను వారంపాటు భయపడి 60 రూపాయలవే కొన్నాను చూడండి, మూడో దారి ఎంత బాగా పనిచేస్తుందో అపుడు అర్థమయింది. చెత్త సంగతి మాత్రం చవకదైనా ఖరీదైనదైనా ఒకటే. 5 గ్రాముల పొడికి ఒక అల్యూమినియం డబ్బీ, మన మునిసిపాలిటీ బండిలో దానికి వేరే అర లేదు.

ఇదంతా ఫోనులో మామయ్యకి చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పింది వింటే నా తవ్వకమంతా చిన్నదైపోయింది.

సిరిసిల్లలో మూడంతస్తులుంటాయి. పైన యజమానులు, మధ్యలో ఆసాములు, కింద కార్మికులు. మామయ్య ఆసామి. అప్పుచేసి ఎనిమిది సాంచాలు కొన్నాడు. చిన్నపుడు సెలవుల్లో వెళ్ళి కండెలు అందించినపుడు ఆ షెడ్డంతా మామయ్యదని నాకు గర్వంగా ఉండేది. కానీ నూలు కొనే పెట్టుబడి ఆయన దగ్గర లేదు. నూలు యజమానిది, బీములు ఆయన దగ్గర్నుంచే రావాలి, బట్ట ఆయనకే పోవాలి. మీటరుకింత అని కూలి. కరెంటు బిల్లు, సాంచా రిపేరు, షెడ్డు కిరాయి మామయ్యవి. యజమాని నూలు ఇవ్వని నెల సాంచాలు ఆగిపోయేవి. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల ఆర్డర్లున్నన్నాళ్ళు ఊపిరాడింది, తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది.

"సాంచా నాదే అల్లుడా. దాంట్ల ఏం పెట్టాల్నో చెప్పేటోడు వేరే. గట్లయినంక సాంచా నాదెట్లయితది?"

2024 నవంబరులో వేములవాడలో ప్రభుత్వం 50 కోట్ల నిధితో నూలు డిపో ప్రారంభించింది, ఆసాముల్లాంటి చిన్నవాళ్ళకి నూలు అందాలని. అది ఎంత నిలబడుతుందో మామయ్యలాంటివాళ్ళే చెప్పాలి. ఆ ఆలోచన మాత్రం సరైనదే. మనిషికి మిషను ఇప్పించడం సగం పనే. దాంట్లో వేసేది నాలుగు చోట్ల దొరికేట్టు చేయడం మిగతా సగం.

నాకు గుళిక 30 రూపాయలు మిగిల్చే ముచ్చట. నేను విసుగొస్తే మిషను అటకెక్కించి ఫిల్టరు దింపుకుంటాను. మామయ్యకి ఆ వీలు లేదు. రెండూ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయని చెప్పడానికే ఇంత పొడుగు రాశాను. రేపు మనం రాసే సాఫ్ట్‌వేరులో కూడా "మన సరుకు తప్ప వేరేది లోడ్ కాకూడదు" అనే రిక్వైర్‌మెంటు ఎవరో ఒకరు తెస్తారు. రెండు లైన్ల చెక్కు, అరగంట పని. రాసేముందు ఒకసారి సిరిసిల్ల గుర్తు చేసుకోండి.

అన్నట్టు, ఇపుడు నేను మళ్ళీ మళ్ళీ నింపుకునే స్టీలు గుళిక ఒకటి కొన్నాను. అరకు పొడి పోసుకుంటున్నాను. మెత్తగా ఉంటే దిగదు, బరకగా ఉంటే పలచన, ఇంకా కుదర్లేదు. వచ్చే పండక్కి కుదిరాక మామయ్యకి ఒక కప్పు ఇవ్వాలి. అమ్మ మాత్రం చాయే అంటుంది.